మా వీధికి రాని కొళాయి

ధర్మవరంలో ఒక వీధి మొత్తాన్ని ఏడేళ్లు నీళ్లకు ఏడిపించిన ఘనుణ్ణి నేను. కరువైనా నడుమ జాలిపడి ఒక వాన కురిపిస్తుంది. నేను అదీ చేయలేదు.

అరవైల నాటి మాట. మా నేతగాళ్ల వీధిలో హిందూపురం పోయి పి.యు.సి. వెలగబెట్టిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. మునిసిపాలిటీ నుంచి ఇంగ్లీషు కాగితం వస్తే వీధంతా నా చుట్టూ మూగింది. రాట్నం వదిలి మా అవ్వ కూడా వచ్చింది.

"ఏముండాది రా అందులో?"

"మన వీధి స్లమ్మంట అవ్వా! ఆఫీసరు చూసేకి వస్తాడంట."

"అంటే ఏందప్పా?" అన్నాడు ఎదురింటి ఓబులప్ప.

లైబ్రరీకి పరుగెత్తి, దిండంత నిఘంటువు తిరగేసి, లండన్ నుంచి దిగినవాడిలా తిరిగొచ్చాను.

"అది లండన్ దొంగల మాట. మొదట గది అని అర్థం. తర్వాత ఇరుకు సందుల్ని అన్యారు. ఇప్పుడు పాడుబడిన పేటల్ని అంటాండారు. పట్టుచీరలు నేసే మనల్నా ఆ మాట అనేది?"

"దొంగల మాటా!" ఓబులప్ప మీసం కుక్కను చూసిన పిల్లి తోకలా లేచింది. "రానీ ఆఫీసర్ని. మనమేందో చూపిస్తాం!"

చూపించాం. గోడలకు సున్నం కొట్టాం. ఈ చూరు నుంచి ఆ చూరుకు తాళ్లు కట్టి, మగ్గం దిగిన చీరలన్నీ వేలాడదీశాం. మురుగుకాలువ మీద చెక్కలు పరిచి, వాటి మీదే ఆఫీసరుకు కుర్చీ వేశాం. పన్నీరు చల్లే పని నాది.

ఆఫీసరు కూర్చున్నాడు. అటూ ఇటూ చూశాడు. కలం తీశాడు.

"ఇంత చక్కని వీధిని స్లమ్మని రాసిందెవరు? కొట్టేస్తున్నా."

వీధంతా చప్పట్లు. నేను నడుం విరిగేలా దండం పెట్టాను.

"వెనక వీధివాళ్లది అదృష్టం," అన్నాడాయన కాగితం మడుస్తూ. "మీ కొళాయి వాళ్లకే పోతుంది."

చప్పట్లు ఆగిపోయాయి.

"ఏ కొళాయి సార్?" అన్నాడు ఓబులప్ప.

"కాగితం వెనక రాశాం కదా! ముందుగా స్లమ్ వీధులకే కొళాయిలు."

ఒప్పుకుంటున్నాను. ఆ కాగితం నేను తిప్పలేదు. మొదటి వరుసలో తెలియని మాట కనబడగానే పరుగు తీశాను.

ఓబులప్ప కుర్చీ కింది చెక్క లాగబోయాడు. "సార్, ఇది మురుగు సార్! ఒకసారి వాసన చూడండి!"

ఆఫీసరు ముక్కు ఎగబీల్చాడు. "పన్నీరు వాసనే వస్తోందే!"

వెళ్లిపోయాడు.

మా అవ్వ నన్ను తిట్టలేదు. బిందె తెచ్చి నా భుజాన పెట్టింది.

"లండన్ దాంకా పోయొచ్చినావు గదా నాయనా, వెనక వీధి దాంకా పోయిరా."

ఏడేళ్లు అన్నానా? నిజానికి మూడేళ్లే. బిందె బరువుకు ఏడనిపించింది. ఆ బిందె మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇక పెళ్లిపత్రిక చేతికిచ్చినా సరే, ముందు వెనకవైపే చదువుతాను.