మా మేనత్త ఆకుసంచి

మా మేనత్త పోయిందని తమ్ముడు తిరువళ్లూరు బడికి వచ్చి చెప్పేసరికి నేను పిల్లలచేత మొదటి అడుగులు వేయిస్తున్నాను. "అక్కా, అత్త పోయింది. తెల్లారి ఐదుకి," అన్నాడు. నేను కర్రతో తాళం వేస్తూనే ఉన్నాను, పిల్లలు ఆడుతూనే ఉన్నారు. ఎప్పుడు ఆపానో గుర్తులేదు.

బడిలో ఈ నాట్యం టీచరు ఉద్యోగం నాకు డిగ్రీ వల్ల వచ్చింది. డిగ్రీ అత్త వల్ల వచ్చింది. ఈ రెండో మాట నేను ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

మాది తిరువాలంగాడు పక్కన వరి, చెరకు వేసే ఇల్లు. మద్రాసు కాలేజీలో నాట్యంలో బి.ఏ. ఉందని, నాకు సీటు వచ్చిందని చెప్పినప్పుడు నాన్న అన్నం ముందు నుంచి లేవబోయాడు. "రైల్లో పోయి ఆడొచ్చేదానికి ఒక డిగ్రీనా?" అన్నాడు. అత్త నాన్నకు అక్క, చిన్న వయసులోనే భర్త పోయి మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆమే కంచం మళ్లీ ఆయన ముందుకు జరిపింది. "నేను పోతాను దాని ఎనకాల. మూడేండ్లే గదా. నువ్వు తిను," అంది. అదే షరతయింది. అత్త తోడు వస్తేనే కాలేజీ. అత్త రాలేని రోజు నేనూ ఇంట్లోనే.

పొద్దున ప్యాసింజర్‌లో పోయి సాయంత్రం వచ్చేవాళ్లం. నేను లోపల ఆడుతుంటే ఆమె వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీసేది. సగం కూర్చుని ఆడితే తొడలు పట్టేస్తున్నాయని నేను ఏడిస్తే నవ్వింది. "నాట్లేసే ఆడోళ్లను వచ్చి చూడమను మీ మేడమ్‌ను. పొద్దన్నుంచి అట్లే వంగుంటారు, ఒకరూ చప్పట్లు కొట్టరు." చదువురాని మనిషి, ముద్రల పేర్లన్నీ వింటూనే పట్టేసింది. రైల్లో వేళ్లు మడిచి చూపించి, "ఇదేంది చెప్పు మే" అని పరీక్ష పెట్టేది. నేను తప్పు చెబితే పక్క సీటువాళ్లకు కూడా నా తప్పు వివరించేది.

మూడో ఏడు దీపావళి దాటాక ఆమె ఆకువక్క మొదలుపెట్టింది. మా ఇళ్లలో భర్త పోయిన ఆడవాళ్లు ఆకు వేసుకోరు. ఊళ్లో నవ్వారు. నాన్న వాకిట్లో నిలబెట్టి అడిగాడు: "ఈ వయసులో ఇదేం పాడు అలవాటక్కా? నా తల యాడ పెట్టుకునేది?" అత్త ఆకుసంచి బొడ్లో దోపుకుంది. మొదట్లో ఆ ఘాటుకు ఆమెకు కడుపులో తిప్పేది. అయినా నమిలేది.

ఒక సాయంత్రం రైలు ఆవడి దాటాక బాగా దగ్గి, కొంగుతో నోరు తుడుచుకుంది. కొంగు ఎర్రగా అయింది. "ఆకు రసం," అంది, నేను అడగకముందే. ఆ రోజు ఆకుసంచి ఇంట్లో మరిచిపోయి వచ్చాం. పొద్దున రైలెక్కాక ఇద్దరం వెతుక్కున్నాం కూడా.

"సరే అత్తా," అన్నాను.

హాజరు చాలకపోతే యూనివర్సిటీ పరీక్షకు కూర్చోనివ్వరు. కాలు బెణికి నేను అప్పటికే చాలా రోజులు పోగొట్టుకున్నాను. ఇంట్లో చెబితే ఆమె ఆస్పత్రికి పోతుంది, నా చదువు అక్కడితో ఆగిపోతుంది. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. పరీక్షకు ఇంకా నాలుగు నెలలున్నాయి. ఆ నాలుగు నెలలూ పొద్దున్నే ఆకులు కడిగి, తుడిచి, ఆమె సంచిలో పెట్టింది నేనే.

పరీక్ష రోజు కిటికీ ఊచలు పట్టుకుని చూసింది. నేను బయటికి రాగానే, "మూడో జతిలో ఎనకబడినావు. ఎవురూ చూళ్లేదులే," అంది. వారం తిరక్కముందే వాకిట్లో పడిపోయింది. డాక్టరు క్షయ అన్నాడు, ముందే తీసుకొచ్చి ఉండాల్సిందన్నాడు. నేను ఫస్ట్ క్లాసులో పాసయ్యాను.

సగం ఊపిరితో ఆరేళ్లు బతికింది. డాక్టరు ఆకు మానమంటే ఆ రోజే మానేసింది. ఒకసారి మంచం దగ్గర కూర్చుని, "అత్తా, ఆ పొద్దు రైల్లో..." అని మొదలుపెట్టాను. "సుమ్మా ఉండు మే, ఊరికే. దిగిపోయినాక టికెట్టు ఎవురడగతారు?" అంది. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని.

మొన్న ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. పెద్దమ్మ ఆకువక్క దంచి తెచ్చింది. "డాక్టరు మాన్పించినాడు గానీ, దీనికి ఆకంటే పానం. నోట్లో పెట్టండి," అంది. నాన్న ఏడుస్తూ, "పెట్టండి. ఆ దినం నేను అట్ల అనకుండా ఉండాల్సింది," అన్నాడు.

ఆమెకు ఆకు గిట్టదని చెప్పడానికి నోరు తెరిచాను. చెబితే, ఎందుకు నమిలిందో కూడా చెప్పాలి. మళ్లీ మూసుకున్నాను. అక్కడ అనలేనిది ఇప్పుడు మీకు రాస్తున్నాను, దీనివల్ల ఆమెకు ఒరిగేదేమీ లేదని తెలిసి కూడా.

పెద్దమ్మ ఆ ముద్దను పెదాల మధ్య పెట్టి రెండు చుక్కల నీళ్లు పోసింది. కాసేపటికి పెదవి మూల నుంచి ఎర్రటి చార గడ్డం దాకా జారింది. నేను కొంగుతో తుడిచాను. ఈసారి అది ఆకు రసమే.