మా ఊళ్ళో ఆడని సినిమా

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. కోతలు నాకు కొత్త కాదు. ఇక్కడ ఇంగ్లండులో, స్విండన్‌లో మనవాళ్ళ భోజనాల దగ్గర నేను నోరు విప్పితే, మా ఊరి చెరువులో మొసళ్ళు కూడా నన్ను చూసి పక్కకు తప్పుకుంటాయి. ఎవరూ నమ్మరు. అందుకే ఏదీ బరువనిపించలేదు. ఇది మాత్రం ఒకరు నమ్మారు.

పక్కింటి మార్గరెట్ ఆంటీ. చిన్నప్పుడు ఒక పిల్లల సాహస చిత్రంలో, దొంగల పడవ మీంచి నదిలోకి దూకే పిల్లగా వేసిందట. ఒడ్డున గుంపులో వాళ్ళమ్మ కూడా నిలబడిందట. సినిమా వచ్చేసరికి ఆంటీ తట్టు పోసి మంచాన ఉంది. తర్వాత అది ఎక్కడా దొరకలేదు. అమ్మ ఫొటో ఒక్కటీ మిగల్లేదు.

"మీ దేశంలో ఆడిందా?" అని అడిగింది.

"ఆడకపోవడమేంటి ఆంటీ. మా టూరింగ్ టాకీసులో మీరు దూకగానే నేల క్లాసంతా ఈలలు."

"మా అమ్మ కనిపించిందా?"

"చెయ్యి ఊపుతూ ఉన్నారు."

ఎందుకన్నాను? ఆ ముఖం వెలుగుతుంటే నా నోరు ఆగలేదు, అంతే. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ నవ్వలేదు. "మనవాళ్ళయితే మీ మాటల్లో సగం కొట్టేసి వింటారు. ఆవిడకి ఆ అలవాటు లేదు" అంది. నిజమే. ఆంటీ వారం వారం టీ పెట్టి, అదే మళ్ళీ చెప్పించుకునేది. చెప్పినప్పుడల్లా నది ఇంకాస్త వెడల్పయ్యేది.

నిరుడు పాత ప్రింటు ఒకటి దొరికిందని కమ్యూనిటీ హాల్లో వేశారు. నేనే తీసుకెళ్ళాను. పడవ వచ్చింది, దొంగలు వచ్చారు. నదిలోకి ఎవరూ దూకలేదు. ఆ ముక్క ఎప్పుడో కత్తిరించేశారు. ఆంటీ నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు చూశావు కదా" అంది.

అప్పుడైనా చెప్పాల్సింది. "మా ఊరి ప్రింటులో ఉంది ఆంటీ, తెప్పిస్తాను" అన్నాను.

ఇప్పుడామె కేర్ హోమ్‌లో ఉంది. కొడుకు పేరు మర్చిపోతోంది గానీ ఇది మర్చిపోదు. నేను ఆదివారం వెళ్ళగానే "వచ్చిందా?" అంటుంది. "వెతుకుతున్నారు" అంటాను. నిజం చెబితే ఆ ఊగే చేతిని నేనే విరిచినట్టు. చెప్పకపోతే ఆమె ఇలా ఎదురుచూస్తూనే ఉంటుంది. ఎటూ కదలలేకున్నాను.

ఆమెకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను. సగం కొట్టేయకుండా వినండి. ఆ సినిమా మా ఊరు రాలేదు. వాళ్ళమ్మను నేను చూడలేదు.

రేపు ఆదివారం.