ఫేయ్ జాయ్ ఫిర్యాదు

రిటైరవడానికి రెండేళ్ళ ముందు, మార్చిలో ఒక బుధవారం, అమెరికాలో టెక్సస్‌లోని ప్లేనోలో నేను పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీలో కెన్నీ ఫైలు నా బల్ల మీదికొచ్చింది. హెచ్‌ఆర్‌లో ఫిర్యాదుల విచారణ నా పని. నేను క్యాంటీన్‌లోకి వెళ్తే జనానికి హఠాత్తుగా మీటింగులు గుర్తొచ్చేవి.

కెన్నీ హాంకాంగ్ నుంచి హెచ్-1బి వీసా మీద వచ్చిన టెస్టర్. టీమ్ చాట్‌లో, తనలాగే కాంటనీస్ భాష మాట్లాడే తోటి ఉద్యోగి జేసన్‌ని ఆ భాషలో "ఫేయ్ జాయ్" అన్నాడు. వాళ్ళ మేనేజర్ దాన్ని కంప్యూటర్‌లో అనువాదం చేసుకుని, "లావు కుర్రాడు" అని తేలేసరికి ఫిర్యాదు పెట్టాడు. ఒంటి తీరును వెక్కిరించినట్టు రుజువైతే మా దగ్గర ఉద్యోగం పోతుంది. పోతే కెన్నీకి అరవై రోజులే గడువు. ఆలోగా ఇంకో కంపెనీ తీసుకోకపోతే సామాను సర్దుకోవాల్సిందే. నా రిపోర్టు శుక్రవారం సాయంత్రానికి.

అది స్నేహితుల మధ్య ముద్దుపేరని నేను పిలిపించిన అనువాదకురాలు చెప్పింది. బక్కవాణ్ణి "పాయ్ గ్వాట్", అంటే పక్కటెముకలు అంటారట. జేసన్ కెన్నీని పిలిచేదీ అలాగేనట. నా ప్రాణం కుదుటపడింది. మనవాళ్ళిళ్ళలో మంచినీళ్ళకన్నా ముందు "ఏంటి, బాగా ఒళ్ళు చేశావ్!" వస్తుంది కదా. ఫారంలో "మాట పడ్డ వ్యక్తి వాంగ్మూలం" దగ్గర "అవసరం లేదు" అని రాసి, కేసు మూసేయొచ్చని సంతకానికి పట్టుకెళ్ళాను.

"జేసన్‌ని అడిగావా?" అంది మా డైరెక్టర్.

"మావాళ్ళలోనూ ఇది మామూలేనండీ."

"మీవాళ్ళ మీద ఫిర్యాదు రాలేదు, రావ్."

శుక్రవారం పొద్దున జేసన్ నవ్వుతూనే కూర్చున్నాడు. వాళ్ళ బామ్మ కూడా తనని అలాగే పిలుస్తుందట. ఇంకేమైనా ఉందా అన్నాను. నవ్వు ఆగింది. "క్లయింటు మీటింగుల్లో కూడా అంటున్నాడు. వాళ్ళు అర్థం అడిగారు. నేనే చెప్పాల్సొచ్చింది. వద్దని వాడికి రెండుసార్లు చెప్పాను."

మధ్యాహ్నం కెన్నీ వచ్చాడు. చేతిలో వీసా కాగితాల కవరు. "వాడు నన్ను పక్కటెముకలంటే నేనేమైనా అనుకున్నానా?" అన్నాడు.

"క్లయింటు ముందు నిన్నలా అన్నాడా?"

కవరు బల్ల మీద పెట్టాడు. "లేదు. వాడు వద్దన్నా నేను ఆపలేదు" అన్నాడు.

జేసన్‌ని మళ్ళీ పిలిచి ఏం కావాలని అడిగాను. మానేస్తే చాలన్నాడు. సాయంత్రం నాలుగున్నరకి కొత్త రిపోర్టు ఇచ్చాను: వెక్కిరింపు కాదు గానీ, వద్దన్నాక ఆపకపోవడం తప్పు; రాతపూర్వక హెచ్చరిక, ఉద్యోగం ఉంటుంది. డైరెక్టర్ రెండుసార్లు చదివి సంతకం పెట్టింది.

మాటకి అర్థం భాష తెలిసినవాళ్ళు చెప్తారు. అది తగిలిందో లేదో పడ్డవాడే చెప్పాలి. మా ఇంట్లో ఎవరూ ఏమీ అనుకోరన్న ధీమాతో తీర్పు రాస్తే, అది చుట్టరికం అవుతుంది గానీ విచారణ కాదు.