కుడిచేతి వాసన

ఫలానా వాళ్లకు గాలి సోకిందని ఎవరైనా చెబితే, ముందురోజు ఏం తిన్నారని అడిగే మనిషిని నేను. పావగడలో మా పక్క సందులోనే తాయెత్తులు కట్టే ఒకాయన ఉన్నాడు. ఆయన గుమ్మం ముందు నిలబడే జనాన్ని చూసి ఏళ్ల తరబడి నవ్వుకున్నాను. ఇది చదివి ఇప్పుడు మీరు నవ్వినా నేనేమీ అనుకోను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. నాకు శుభ్రం పిచ్చి. హోటల్లో గ్లాసు నేనే మళ్లీ కడుక్కుంటే తప్ప నీళ్లు తాగను. బస్సులో పక్కవాడు తుమ్మితే లేచి వేరే సీటు చూసుకుంటాను. మా ఆవిడ సరోజ దీన్నొక జబ్బంటుంది.

మా భూములు సోలార్ పార్కు కింద లీజుకు పోయాక వేరుశనగ పని లేకుండా పోయింది. పక్క పొలం ఓబుళేశుదీ అదే కథ. ఊరికే కూర్చోలేక కొంతమందిమి కలిసి మధ్యప్రదేశ్‌లో పన్నా జిల్లాకు యాత్ర వెళ్లాం. అక్కడ పులుల అడవి ఉంది, పాతకాలం గుళ్లు ఉన్నాయి, రెండూ ఒక్క ఖర్చులో అయిపోతాయని ఓబుళేశు అందరినీ ఒప్పించాడు.

దిగిన పూట నుంచే నాకు అక్కడ ఏదీ ముట్టుకోబుద్ధి కాలేదు. లాడ్జీ దుప్పటి మీద ఎవరివో వెంట్రుకలు. మెట్ల మూలల్లో గుట్కా ఉమ్మి ఎండి నల్లగా అట్టకట్టింది. కింద వంటింట్లో కాగే ఆవనూనె వాసన తలదిండులో కూడా ఉంది. నా కండువా పరుచుకుని, దాని మీద ముడుచుకుని పడుకున్నాను.

పొద్దున జీపులో అడవిలోకి తీసుకెళ్లారు. పులి కనిపించలేదు. చుక్కల దుప్పులు, కొండముచ్చులు, దుమ్ము. ఒకచోట జీపు ఆపి మట్టిలో పులి అడుగు చూపించారు. అందరూ ఫోన్లు తీశారు. పక్కనే ఏదో జంతువు పెంట పడి ఉంది. అందులో వెంట్రుకలు, ఎముక ముక్కలు. నేను ముఖం తిప్పుకున్నాను.

తర్వాత గుళ్లు. పెద్ద గుళ్లన్నీ బాగానే ఉన్నాయి, ఊడ్చి పెట్టారు. తిరిగి వచ్చే దారిలో మా వ్యాను డ్రైవరు బీడీ కోసం అడవి అంచున ఆపాడు. అక్కడ శిఖరం సగం కూలిన చిన్న రాతిగుడి ఒకటి ఉంది. టికెట్టు లేదు, కాపలా లేదు. మంచి ఎండ. మిగతావాళ్లు నీడ చూసుకుని కూర్చున్నారు. ఇంత దూరం వచ్చి చూడకుండా పోతే ఎట్లని ఓబుళేశు నన్ను లోపలికి లాక్కెళ్లాడు. చెప్పులు బయట విడిచాం. అది నేను చేసిన పొరపాటు.

లోపలంతా గబ్బిలాల కంపు. నేల మీద వాటి రెట్ట మెత్తటి బురదలా ఉంది. అడుగు వేస్తే కాలివేళ్ల సందుల్లోంచి పైకి వస్తోంది. గర్భగుడిలో విగ్రహం లేదు, ఖాళీ పీఠం మాత్రమే. ఇక పోదామని తిరిగాను. కాలు జారింది. పడకుండా గోడ పట్టుకోబోతే కుడిచెయ్యి గోడలోని గూట్లోకి పోయింది. దీపం పెట్టే గూడు లాంటిది.

లోపల ఏదో నా చేతిని నాకింది.

గబ్బిలం రెక్క తగిలిందేమో, నాచు తగిలిందేమో అని చాలామంది అన్నారు. అది నాలుక. వెచ్చగా, తడిగా, ఆకురాయిలా గరుకుగా ఉంది. నా అరచెయ్యి కంటే వెడల్పు. మణికట్టు దగ్గర మొదలై వేళ్ల కొసల దాకా వచ్చింది. దాని ఊపిరి కూడా తగిలింది.

ఓబుళేశు నా పేరు పెట్టి పిలిచాడు. నేను పలకకపోయేసరికి దగ్గరికి వచ్చి, ఫోన్ టార్చి గూట్లోకి వేశాడు. గూడు జానెడు కంటే ఏ కాస్తో లోతు, అంతే. చుట్టూ రాయి. ఎక్కడా కంత లేదు, పగులు లేదు. వెనక మూల సాలెగూడు చెదరకుండా ఉంది. అడుగున దుమ్ము, ఎండిన రెట్ట. తడి అన్నదే లేదు. నా చెయ్యి మాత్రం మణికట్టు దాకా తడిసిపోయింది. వేళ్లు విడదీస్తే జిగురు తీగలు తీగలుగా సాగింది. అది ఓబుళేశు కూడా చూశాడు.

"గబ్బిలం ఉచ్చ పోసింటాది లేప్పా. కడుక్కో పో" అన్నాడు.

అప్పుడు తెలిసింది వాసన. ఎండలో మురిగిన మాంసం, దాని మీద పుల్లటి ఉచ్చ కంపు. వ్యానులో ఉన్న నీళ్ల సీసాలన్నీ చేతి మీద పోసుకున్నాను. లాడ్జీలో సబ్బు అరిగేదాకా రుద్దాను. జిగురు పోయింది, వాసన పోలేదు.

రైల్లో అన్నం కలిపి ముద్ద నోటి దాకా తెచ్చేసరికి, ఆ కంపు ముక్కులోకి కొట్టింది. లేచి వాష్‌బేసిన్ దగ్గరికి పరుగెత్తాను. ఆ తర్వాత నుంచి స్పూనుతో తిన్నాను. ఇంటికొచ్చాక కూడా అంతే. రాగిసంగటి స్పూనుతో తినే మొగుణ్ని సరోజ మొదటిసారి చూసింది. చింతపండుతో తోమాను, నిమ్మకాయ పిండాను, ఒకసారి కిరోసిన్ కూడా పూశాను. చర్మం పగిలింది. పడుకుంటే ఆ చెయ్యి మంచం బయటికి వేలాడేసి పడుకునేవాణ్ని. సరోజ మాత్రం ఎన్నిసార్లు వాసన చూసినా సబ్బు వాసన తప్ప ఏమీ లేదనేది. ఓబుళేశూ అదే మాట.

పావగడలో డాక్టరుకు చూపించుకున్నాను. జలుబు చేసి తగ్గాక కొందరికి లేని వాసనలు వస్తాయని, ముక్కు నరం సంగతని చెప్పి మాత్రలు రాశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. చేతిలో ఏమీ లేదు, ఉన్నదంతా ముక్కులోనే అనుకున్నాను. ఆ ధైర్యంతోనే నిడుగల్లుకు మా అక్క గంగమ్మను చూడబోయాను.

మా తాతలు గొర్రెలు కాచినవాళ్లు. మా ఇంట్లో ఆ పని ఇంకా వదలనిది అక్క ఒక్కతే. ఆమె గొర్రెలు నాకు బాగా అలవాటు. నేను పోతే వేరుశనగ గింజల కోసం వచ్చి జేబులు మూతితో పొడుస్తాయి. ఆ మధ్యాహ్నం మంద కంచె దొడ్లో ఉంది. నేను వాకిలి దాటానో లేదో అన్నీ ఒక్కసారి తలలెత్తాయి. ఒక్కటీ అరవలేదు. తర్వాత మొత్తం మంద నాకు దూరంగా అవతలి కంచె మీదికి విరుచుకుపడింది. ముళ్లకంప తెగిపోయింది. నా చేతిలో రొట్టె తిని పెరిగిన నల్లకుక్క నన్ను చూసి, తోక కాళ్ల మధ్య పెట్టుకుని నిలుచున్నచోటే ఉచ్చ పోసింది.

ఆ తొక్కిసలాటలో సూడి గొర్రె ఒకటి కింద పడింది. చూస్తుండగానే ఈనేసింది. పిల్లలో ప్రాణం లేదు. మావి, నెత్తురు దుమ్ములో కలిసి ఎర్రటి అడుసైంది. తల్లి గొర్రె ఆ చచ్చిన పిల్లను నాకుతూనే ఉంది.

అక్క నన్ను తిట్టలేదు. లేచి వచ్చి, గాలి వాసన చూసి, నా కుడిచెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. వెంటనే తల పక్కకు తిప్పుకుంది. సరోజకు రాని వాసన, ఓబుళేశుకు రాని వాసన ఆమెకు వచ్చింది.

"చిరుత గాదిది. చిరుత వాసన నాకు తెలుసు. యాడ పెట్టినావు రామాంజీ ఈ చెయ్యి?"

గుడి సంగతి మొత్తం చెప్పాను. అక్క తల్లి గొర్రె వైపు చూస్తూ వింది. నేను ముగించాక నా వైపు తిరిగింది.

"నిజం చెప్పప్పా. అది నిన్ను ఎట్ల నాకె? ఈనిన గొర్రె పిల్లను నాకతాదే, అట్లనా? లేకుంటే తినేకి ముందర నాకతాదే, అట్లనా?"

"గుర్తు లేదక్కా" అన్నాను.

అక్క మళ్లీ తాను చెప్పేదాకా దొడ్డి దగ్గరికి రావద్దంది. మమ్మల్ని చూడాలనిపిస్తే తానే బస్సెక్కి పావగడకు వచ్చేది. మా తోడబుట్టిన వాళ్లలో నాకు మిగిలింది ఆమె ఒక్కతే. ఆమెకు అలా పరాయివాణ్ని కావడం ఎంత కష్టమో చెప్పలేను.

వానలు పడ్డాక వాసన పోయింది. ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. ఒకరోజు మాటల్లో పడి స్పూను మరిచిపోయి చేత్తోనే సంగటి తినేశాను. సరోజ చూసి నవ్వితే గానీ గమనించలేదు. ఆ తర్వాత బస్టాండు దారిలో ఒక మంద ఎదురైంది. గొర్రెలు నన్ను రాసుకుంటూ పోయాయి, ఒక్కటీ బెదరలేదు. ఆ సంగతి చెప్పాక అక్క నన్ను రానిచ్చింది.

ముక్కు నరమే అయితే గొర్రెలకేమైంది? గబ్బిలమే అయితే ఆ నాలుక ఎవరిది? జానెడు గూట్లో ఏం పడుతుంది? ఎంత ఆలోచించినా నాకు తేలలేదు.

అక్కకు మాత్రం అబద్ధం చెప్పాను. నాకు బాగా గుర్తుంది. దానికి తొందర లేదు. వేళ్ల సందులు కూడా వదలకుండా ఒక్కొక్కటిగా నాకింది. నేను చెయ్యి వెనక్కి లాక్కోలేదు. లాక్కోవచ్చు, నన్నేదీ పట్టుకోలేదు. ఓబుళేశు పిలిచేదాకా అలాగే ఉంచాను. అసహ్యమంతా తర్వాత వచ్చింది. ఆ కాసేపు మాత్రం నాకు హాయిగా ఉండింది.