ఒకే ముఖం గల మాటలు: మా దస్తగిరి మాస్టారు

శుక్రవారం ఉదయం బడిగంట కొట్టకముందే పురానాపూల్ వైపు నుండి వచ్చిన టాంగావాడు మా పాఠశాల వాకిట బండి ఆపి, "మీ ఇంగ్లీషు మాస్టర్ సాబ్ తెల్లారంగనే గుజర్ గయే" అని కళ్లు తుడుచుకున్నాడు. గులాం దస్తగిరి గారు అస్తమించారన్న సంగతి నా బుద్ధికి ఎక్కడానికి కొంతసేపు పట్టింది. కిందటి ఆదివారమే కదా, జ్వరంతో మంచం పట్టి కూడా నన్ను కూర్చోబెట్టుకుని నవ్వించి పంపారు! తోటి ఉపాధ్యాయులు ఒక్కొక్కరే వచ్చి ఆయన కుర్చీ చుట్టూ నిలబడ్డారు. ఆ కుర్చీలో కూర్చోవడానికి ఆనాడు ఎవరికీ మనసు రాలేదు.

పాతబస్తీలో ఇంగ్లీషు నేర్చిన వారిలో ఆయన శిష్యులు కానివారు అరుదు. సన్నని శరీరం, నల్లని షేర్వానీ, చంకలో గొడుగు. నడుస్తూ నడుస్తూ బజారు మధ్యలో ఠక్కున ఆగిపోయేవారు. వెనక వచ్చే సైకిలువాడు గంట కొట్టి కొట్టి విసిగి పక్కనుండి పోయేవాడు. ఏదో ఒక మాట ఆయనను ఆపిందని మాకు తెలుసు. చూడటానికి ఒకదాని వలె ఒకటి ఉండి, అర్థంలో ఆమడ దూరం ఉండే ఇంగ్లీషు మాటలంటే ఆయనకు తీరని కుతూహలం. వాడుకలో నుండి ఎప్పుడో జారిపోయిన మాటలను కూడా వదిలేవారు కారు. "మాట గూడ మనిషి లెక్కనే, పంతులుగారూ. మొఖం జూసి పేరు పెట్టొద్దు, అడిగి తెల్సుకోవాలె" అనేవారు.

నేను తెలుగు పండితుడిగా చేరిన మొదటి రోజే వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"మీ తెలుగుల గూడ గిట్ల మోసం జేసే మాటలున్నయా?"

"దినము, దీనము" అన్నాను తోచినది. "గుడికి దీర్ఘం పడితే రోజు కాస్తా దైన్యమవుతుంది."

ఆయన ముఖం వికసించింది. ఛత్తాబజారులో అందంగా రాయడమే వృత్తిగా గల ఖుష్‌నవీసు తన తండ్రి అని అప్పుడు చెప్పారు. "చిన్నప్పుడు ఖుదా అని రాయమంటే, మీది చుక్కను కింద పెట్టిన. అది జుదా అయింది. దేవుణ్ని రాయమంటే ఎడబాటు రాసినవేందిరా అని అబ్బాజాన్ చెవి మెలిపెట్టిండు. గప్పటి సంది నాకు చుక్కంటే భయం. చుక్కంటేనే పానం."

చుక్క మీది ఆ ప్రాణం నలుగురికీ పనికివచ్చిన సందర్భాలు లేకపోలేదు. రైలు కార్ఖానాలో పనిచేస్తూ మరణించిన ఒకతని భార్య, కొడుకుకు ఆ కొలువు ఇప్పించమని బజారులో ఎవరిచేతనో అర్జీ రాయించింది. మరణించినవాడు అనే అర్థానికి 'డిసీస్డ్' అని ఉండవలసిన చోట ఆ రాసినవాడు 'డిసీజ్డ్' అన్నాడు, అంటే రోగి. కార్ఖానా దొరగారి కచేరీ నుండి, రోగికి వైద్యం చేయించమని జవాబు వచ్చింది.

"సచ్చినోన్ని దవాఖానకు తీస్కపొమ్మంటున్నరు సారూ! ఏడ్వాల్నా, నవ్వాల్నా?" అని ఆమె మాస్టారి ముందు కూలబడింది. ఆయన అప్పటికప్పుడు అర్జీ తిరగరాసి, స్వయంగా కచేరీకి వెళ్లి వివరించి, ఆ పిల్లవానికి పని ఇప్పించారు. తిరిగి వస్తూ దారిలో, వెంట వెళ్లిన నాతో, "ఒక్క సకారం జకారమైతే మనిషి బతికొచ్చిండు. నిజంగ గట్లయితే ఎంత బాగుండు!" అన్నారు. ఆయన నవ్వలేదు.

అయితే ఆయనకు అసలు పరీక్ష తెచ్చిపెట్టిన మాట ఇంతకంటే చిన్నది. పురానాపూల్ సమీపాన మూసీ గట్టున ఒక పాత తోట ఉండేది. ఎన్నడో గతించిన తెల్లదొర ఒకాయన దాని మొదటి యజమాని. ఆ తోట గుండానే చుట్టుపక్కల రజకులు బట్టల మూటలతో ఏటికి పోయేవారు. తోటను కొత్తగా కొన్న సేఠ్‌గారు దారికి అడ్డంగా గోడ పెట్టించబోయారు. లొల్లి మొదలైంది. తోట ప్రవేశద్వారమైన గవిని పక్కన దొర చెక్కించిన ఇంగ్లీషు శిలాఫలకం ఉంది. దస్తగిరి మాస్టారు దానిని చదివి ఏం చెబితే దానికి కట్టుబడతామని ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. సేఠ్‌గారు మా పాఠశాల కమిటీలో ముఖ్యులు. మరుసటి యేడు మాస్టారిని ప్రధానోపాధ్యాయుణ్ని చేయాలన్న ఆలోచన కూడా వారిదే.

ఆ రోజు నేనూ వెంట వెళ్లాను. ఏటికి పోయే ధోబీలను 'లెట్' చేయరాదని రాతి మీద ఉంది. 'లెట్' అంటే పోనివ్వడమని మా అయిదో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. మాస్టారు రెండుసార్లు చదివి చూసి, "పోనియ్యొద్దని ఉన్నది" అన్నారు.

రజకుల పెద్ద మల్లయ్య ఆ రాయి వంక, మాస్టారి వంక మార్చి మార్చి చూశాడు. "మా తాతల సంది గీ తొవ్వనే పోతున్నం సాబ్. ఆ దొర బతికున్నప్పుడు గూడ పోయినం. పోనియ్యొద్దని రాయి పాతి, మల్ల మమ్ముల పోనిచ్చిండా?"

గోడ పని మొదలైంది. మల్లయ్య ప్రశ్న మాత్రం మాస్టారిని వదలలేదు. అన్నం ముందు కూర్చుని అదే తలపోసేవారట. కొన్నాళ్ల తరువాత ఒక సాయంత్రం మేమిద్దరం ఒక బంగళా ప్రహరీ పక్కనుండి నడుస్తున్నాము. లోపల టెన్నిస్ ఆడుతున్నారు. బంతి వలను రాసుకుంటూ అవతల పడింది. ఆడేవారిలో ఒకరు "లెట్!" అని అరిచారు. మాస్టారు ఆగిపోయారు.

"ఎవరిని పోనిస్తున్నరు పంతులుగారూ, ఈడ?" అని, నేను వారిస్తున్నా వినక గోడ మీదుగా తొంగిచూసి, ఆడేవారినే ఉర్దూలో అడిగారు. బంతికి వల అడ్డం వచ్చింది కాబట్టి ఆ దెబ్బ లెక్కలోకి రాదు, మళ్లీ వేయాలని ఒక పెద్దమనిషి నవ్వుతూ చెప్పాడు.

"అడ్డం!" అన్నారు మాస్టారు. మరునాడు గ్రంథాలయంలో అతి ప్రాచీనమైన నిఘంటువు తీయించారు. పూర్వం ఇంగ్లీషులో రెండు వేర్వేరు మాటలు ఉండేవట. ఒకటి పోనివ్వడం, మరొకటి అడ్డగించడం. కాలక్రమాన అరిగి అరిగి రెండూ ఒకే రూపు దాల్చాయి. మొదటిది బతికింది, రెండవది వాడుకలో చచ్చిపోయింది. దొర రాయించినది ఆ చచ్చిన మాట. ధోబీలను అడ్డగించరాదని ఆయన శాసనం.

ఆ సాయంకాలమే సేఠ్‌గారి దుకాణానికి వెళ్లాము.

"నేను తప్పు చెప్పిన సేఠ్ సాబ్. ధోబీలను ఆపొద్దని రాయి మీద ఉన్నది. ఆ గోడ తీయించాలె."

సేఠ్‌గారు అత్తరు సీసా పక్కన పెట్టి నిదానంగా అన్నారు: "మొన్న పోనియ్యొద్దంటివి, ఇయ్యాల ఆపొద్దంటున్నవు. రాతి మీది మాట రాత్రికి రాత్రి మారుతదా మాస్టర్?"

"మాట మారలే. నాకు తెల్వకుండె, ఇప్పుడు తెలిసింది."

"తెలిస్తే తెలిసింది, నీ దగ్గర పెట్టుకో. పెద్ద మాస్టరువు కాబోతున్నవు. తప్పు జదివిన అని నలుగుట్ల చెప్పుకుంటే ఇజ్జత్ ఉంటదా?"

మాస్టారు సలాం చేసి లేచారు. మరునాడు ఉదయం మల్లయ్యనూ అతనివారినీ గవిని ముందు నిలబెట్టి, ఫలకం మీద చేయి వేసి, తాను ఏం పొరబడ్డారో, ఎందుకు పొరబడ్డారో బడిలో పాఠం చెప్పినంత శ్రద్ధగా వివరించారు. "మీరడిగిందే సహీ. నన్ను మాఫ్ చేయుండ్రి" అన్నారు. మల్లయ్య ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. నలుగురిలో ఇచ్చిన మాట గనుక సేఠ్‌గారు గోడ తీయించక తప్పలేదు. ఆ పై యేడు ప్రధానోపాధ్యాయ పదవి వేరొకరిని వరించింది. మాస్టారు ఆయనకు మొదటి పూలదండ తానే వేసి, తరగతికి వెళ్లిపోయారు. ఆ పదవి ఊసు తరువాత ఏనాడూ ఆయన నోట నేను వినలేదు. పాఠం నడుమ మాత్రం పిల్లలకు ఈ కథ చెప్పి, "తప్పు జదివినోడు నేనే" అని ముగించేవారు.

పరామర్శకు ఆయన ఇంటికి వెళ్లినప్పుడు వారి బేగం గారు పరదా అవతల కూర్చుని మాట్లాడారు. ఆమె కంఠస్వరం వినడం నాకు అదే మొదటిసారి. తనకు అక్షరం ముక్క రాదని, అయినా రోజూ సాయంత్రం చాయ్ తాగుతూ ఆయన తనకు రెండు ఇంగ్లీషు మాటలు వినిపించి, వాటి తేడా ఏమిటో ఊహించమనేవారని చెప్పారు.

"బుఖార్ల మంచం పట్టి గూడ వదల్లే భాయ్ సాబ్. పోయే ముందటి దినం, జుమేరాత్ నాడు, వాండర్, వండర్ అన్నరు. సోంచాయించు, రేపు చెప్త అన్నరు. ఆ రేపు రాలే. గవి రెండు ఎట్ల వేరు?"

మాస్టారి సాంగత్యంలో నాకబ్బిన కొద్దిపాటి ఇంగ్లీషుతో వెంటనే చెప్పాను: మొదటిది గమ్యం లేకుండా తిరగడం, రెండవది ఆశ్చర్యపడటం.

పరదా అవతల నుండి ఆమె మెల్లగా అన్నారు: "ఆయనైతే గింత జల్ది చెప్పకపోయేటోరు."

నిజం. జవాబు చెప్పేవారు ఈ నగరంలో ఎందరో ఉన్నారు. ప్రశ్నను మన చేతిలో పెట్టి, మన ముఖంలో వెలుగు పుట్టేదాకా ఓపికగా, ఆశగా ఎదురుచూసే మనిషి మళ్లీ దొరకరు. ఆ మహనీయునికి నా కన్నీటి సలాం.