మంగళవారాల్లో మా పాత కారు

కదిలించేవాడూ ఆయనే, ఆపేవాడూ ఆయనే. ఆ శ్రీమన్నారాయణుడి పాదాలకు ముందుగా నా నమస్కారం. ఆయన నాకు రోజూ ఓర్పును ప్రసాదిస్తూనే ఉన్నాడు. ఉదయం తొమ్మిదయ్యేలోపు దాన్ని నేనే పూర్తిగా వాడేస్తున్నాను. అందులో ఆయన లోపమేమీ లేదు.

మణికొండలో మా సత్సంగానికి పారాయణం నేర్పిన పెద్దాయన మా పక్క బ్లాకులోనే ఉంటారు. ఆయనకు మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు గచ్చిబౌలిలో డయాలసిస్. తీసుకెళ్లడానికి సత్సంగంలో వంతులు వేసుకున్నాం, మంగళవారం నాది. ఏడింటికల్లా ఆయన అక్కడ మంచం మీద ఉండాలి. ఆలస్యమైతే తర్వాతి రోగి కోసం ఈయన సమయం కోసేస్తారు.

నా కారుకు పద్నాలుగేళ్లు. మూడు వారాలుగా దానికో కొత్త జబ్బు పట్టుకుంది. తాళం తిప్పగానే స్టార్టవుతుంది. నేను సీటు బెల్టు అందుకునేలోపు ఆగిపోతుంది. మళ్లీ తిప్పితే మళ్లీ అంతే. ఏడోసారో ఎనిమిదోసారో ఏ కారణమూ లేకుండా నిలబడుతుంది. ఒక్కోరోజు అదీ లేదు.

పార్కింగ్‌లో సలహాలకు కొదవలేదు. పై అంతస్తు సాఫ్ట్‌వేర్ అబ్బాయి లాప్‌టాప్ సంచి తగిలించుకుని వెళ్తూ వెళ్తూ ఆగాడు.

"ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి అంకుల్."

"అదే చేస్తున్నాను బాబూ, దానంతట అదే ఆఫవుతోంది కూడా!"

ఒక మెకానిక్ బ్యాటరీ మార్చాడు. ఇంకొకతను పెట్రోలు ఫిల్టరు మార్చి, పంపు విప్పి బిగించి, "ఇంక చూస్కోవాల్సిన అవసరం లేదు సార్" అన్నాడు. మర్నాడే ఆగిపోయింది. నా నోటి వెంట వచ్చిన మాటలు పారాయణం చేసే నోటి నుంచి రావాల్సినవి కావు.

పోయిన మంగళవారం బండి అసలు నిలబడలేదు. రెండు క్యాబులు బుక్ అయి రద్దయ్యాయి. మూడోది దొరికి, మేం చేరేసరికి ఎనిమిది దాటింది. నాలుగు గంటల చికిత్స రెండున్నరకు కుదించారు. మళ్లీ డయాలసిస్ దాకా రెండు రోజులూ పెద్దాయన పడుకోలేక, దిండ్లకు ఆనుకుని కూర్చునే ఊపిరి తీసుకున్నారు. నన్ను మాత్రం ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.

అందుకే ఈ సోమవారం బాలానగర్ నుంచి ఒక పాత మెకానిక్‌ను ఇంటికే పిలిపించాను. ఆయన బానెట్ ఎత్తనే లేదు. నన్ను తాళం తిప్పమని, డాష్‌బోర్డు మీద మిణుకుమిణుకుమంటున్న ఎర్ర దీపం వంక చూశాడు.

"రెండో తాళంచెవి ఉన్నదా సార్?"

మా ఆవిడ బీరువాలోంచి తెచ్చి ఇచ్చింది. దాంతో తిప్పితే బండి స్టార్టయింది. ఆగలేదు. అయిదు నిమిషాలైనా ఆగలేదు. మెకానిక్ నా చేతిలోని మొదటి తాళం చెవిని చూపించాడు.

"గీ నల్ల తలకాయకు ఏం సుట్టిండ్రు సార్?"

"రక్షరేకు. రాగిది. మొన్న మండల పారాయణం ముగిసినప్పుడు పూజలో పెట్టి అందరికీ పంచారు." మిగతావాళ్లు దాన్ని స్టీరింగ్‌కు కట్టుకున్నారు. జారిపోతుందేమోనని నేను తాళం చెవికే చుట్టి, ఎర్రదారంతో బిగించాను.

"ఆ తలకాయల చిప్పు ఉంటది. అది కనవడకుంటే బండి రెండు సెకండ్లు చూసి బంద్ అయితది. మీ రాగి దాన్ని మూసేసింది. బండి మిమ్మల్ని దొంగ అనుకుంటున్నది సార్!"

"అది పూజలో పెట్టిన రేకయ్యా!"

"కాదన్ననా? లొల్లి ఎప్పటిసంది?"

"మూడు వారాల నుంచి."

"మరి రేకు సుట్టింది?"

"అదీ మూడు వారాలే!" నాకంటే ముందు మా ఆవిడే చెప్పింది, అవసరానికి మించి గట్టిగా. విప్పమంటే మెకానిక్ చేతులు వెనక్కి తీసుకున్నాడు. "ఆయిల్ చేతులు సార్, నేను ముట్ట. మీరే తియ్యుండ్రి."

దారం విప్పుతుంటే చిరాకు మెకానిక్ మీద నుంచి, బండి మీద నుంచి జారి నా మీదికే వచ్చింది. ఆ నారాయణుడు లేని చోటు లేదని ముప్పై ఏళ్లుగా రోజూ నోటితో చెబుతున్నవాణ్ని, ఇంజనులో మాత్రం ఉండడేమోనని రేకు చుట్టి భద్రం చేశాను. నా భయానికి భక్తి అని పేరు పెట్టుకున్నాను. దాని వెల పెద్దాయన ఊపిరి.

మంగళవారం ఆరుంబావుకు బండి ఒక్క తిప్పుకే కదిలింది. దారిలో పెద్దాయనకు అంతా చెప్పి క్షమించమన్నాను. ఆయన నవ్వబోయి దగ్గారు. "నాయనా, స్వామిని నమ్ము. మెకానిక్కును ముందు పిలువు."

ఏడుకు పది నిమిషాల ముందే ఆయన మంచం ఎక్కారు. నాలుగు గంటలూ పూర్తిగా దక్కాయి. అయినా డాక్టరు గుండె చుట్టూ చేరిన నీరు తగ్గలేదన్నారు. ఆయన కాళ్ల వాపు ఇంకా దిగలేదు. ఇది చదువుతున్నవారు, మీ ఇష్టదైవం ఎవరైనా సరే, ఈ పూట ఒక్క నామం పెద్దాయన కోసం నాతో కలిసి అనండి. ఆయన ఈ రాత్రి వెల్లకిలా పడుకుని నిద్రపోవాలని అనండి.