లైనింగ్ వేసిన పుస్తకం

ఆ రోజుల్లో నా కోపానికి ముక్కు మీద సొంత ఇల్లు ఉండేది. (ఇప్పుడు కిరాయికి ఉంటోంది, అప్పుడప్పుడూ ఖాళీ చేస్తోంది.) ఇరవై మూడేళ్ళకు బాన్సువాడలో ఒక విత్తనాల వ్యాపారి ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం దొరికింది, బస్టాండు వెనుక సందులో ఒక గది దొరికింది. లోకంలో అందరూ తప్పు, నేనొక్కదాన్నే ఒప్పు అన్న నమ్మకం మాత్రం మా ఊరు మద్నూర్‌లో బస్సెక్కేటప్పుడే సంచిలో పెట్టుకుని వచ్చాను.

నా గది కిందే మిషనక్క దుకాణం. జాకెట్లు కుట్టేది కాబట్టి అందరూ ఆ పేరు పెట్టేశారు. పైకి జాకెట్ల దుకాణం, లోపల మా ఆరుగురు ఆడవాళ్ళ లైబ్రరీ. ఇంట్లో పుస్తకం పట్టుకుని కూర్చుంటే "పని లేదా" అన్న మాట తప్పదు గనుక, మిషనక్క పుస్తకాన్ని కుట్టిన జాకెట్టు మడతలో పెట్టి, సంచికి కొలతల చీటీ గుచ్చి ఫోన్ చేసేది: "నీ జాకెట్‌కు లైనింగ్ ఏసిన, వచ్చి తీస్కపో." లైనింగ్ అంటే పుస్తకం. చదివినవాళ్ళు చివరి అట్ట లోపల పెన్సిలుతో ఒక్క మాట రాసి తిరిగి ఇవ్వాలి. మా లైబ్రరీకి ఉన్న నియమం అదొక్కటే.

ఒకసారి హైదరాబాదు పుస్తకాల ఎగ్జిబిషన్‌లో నాకొక కథల సంకలనం దొరికింది. ఆడవాళ్ళను ప్రేమించిన ఆడవాళ్ళ కథలు, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అవే. అంతకు ముందు నేను చదివిన కథల్లో అలాంటి మనిషి కనిపిస్తే, నాలుగు పేజీల్లో చచ్చిపోయేది, లేదా పెళ్ళి చేసుకుని బాగుపడేది. ఇందులో బతికే ఉన్నారు, పోట్లాడుకున్నారు, పప్పు మాడబెట్టుకుని తప్పు నీదంటే నీదనుకున్నారు. తిరిగొచ్చే బస్సులో చదువుతూ ఏడ్చాను. నేనూ అలాంటిదాన్నే, ఆ సంగతి బాన్సువాడలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఈ ఊళ్ళో ఒక్క మనిషి ఆ కథలు చదివి, అవి ఏమిటో నోరు తెరిచి అంటే చాలు, నేను ఒంటరిదాన్ని కాననుకున్నాను. అంత ఆశతో పుస్తకం తెచ్చి మిషనక్క బల్ల మీద పెట్టి, "జర వేరే టైపు కథలు అక్కా, అందరు చదవాలె" అన్నాను. (లెస్బియన్ అన్న మాట నాలుక చివరి దాకా వచ్చి అక్కడే కూర్చుండిపోయింది. ఇది గుర్తుపెట్టుకోండి, తరువాత నన్ను తిట్టడానికి పనికొస్తుంది.)

రెండు నెలలు తిరిగేసరికి అట్ట లోపల ఐదు మాటలు చేరాయి. "మంచి సోపతి." "గిసొంటి సోపతి అందరికి దొరకది." "సోపతి అంటే గిట్లుండాలె." మిగిలిన రెండూ అవే. సోపతి అంటే మా వైపు స్నేహం. నాకు ఒళ్ళు మండిపోయింది. అందులో ఇద్దరు నర్సుల కథ ఒకటుంది. ఒకే ఇంట్లో ఉంటారు, చివర్లో ఒకామె రెండో ఆమె మెడ మీద ముద్దు పెడుతుంది. మాలో ఒకరైన అంగన్‌వాడీ టీచరక్క దుకాణానికి వస్తే పట్టుకుని నిలదీశాను.

"మెడ మీద ముద్దు పెట్టింది గద అక్కా?"

"జరం వచ్చిందేమో, చూసింది పాపం."

"పెదవులతోనా?"

"నర్సు గదా," అంది టీచరక్క, ఎంతో శాంతంగా. అని, మిషనక్క వైపు తిరిగి, "నాకు గీ పుస్తకమే ఇంకోసారి లైనింగ్ ఏయి" అని అడిగింది.

తెలివిగలది ఎవరైనా అక్కడ ఆగి, ఇంకోసారి ఎందుకడిగిందా అని ఆలోచించేది. నేను ఆఫీసు నుంచి ఎర్ర పెన్ను తెచ్చాను. మొదటి పేజీలో పెద్దక్షరాలతో "ఇది సోపతి కాదు. ప్రేమ. వీళ్ళు లెస్బియన్లు" అని రాసి రెండు గీతలు కొట్టాను. నర్సుల ముద్దు పక్కన "జ్వరం కాదు" అని రాశాను. ఈసారి అర్థం కాకపోతే చూస్తాను అనుకుంటూ, నేనే జాకెట్టు మడతలో పెట్టి టీచరక్కకు పంపాను.

నాలుగో రోజున టీచరక్క భర్త దుకాణానికి వచ్చాడు. ఆయన ఆ సంచులు ఇంతకు ముందూ విప్పినవాడే, ఆడవాళ్ళ దోస్తానా కథలని పక్కన పడేసినవాడే. ఈసారి నా రాత ఎర్రగా కనిపించింది. పుస్తకాన్ని మిషను మీద పడేసి, "గిసొంటియి మా ఇంటికి పంపిస్తరా. ఇగ ఆమె ఈడికి రాదు" అని వెళ్ళిపోయాడు. ఆయన వెనకే పోయి కడిగేద్దామని లేచాను.

"కూసో," అంది మిషనక్క. "ఎర్ర పెన్ను ఎవరు పెట్టుమన్నరు నిన్ను?"

"మరి ఎవరికీ అర్థమైతలేదు గద."

"అయిదుగురం గా పుస్తకం రెండు నెలలు ఇండ్లల్ల పెట్టుకున్నం. సోపతి అని రాస్తిమి గాబట్టే ఉన్నది. మాకు తెల్వదనుకున్నవా?" దారం పంటితో తెంపింది. "గంత కోపమున్నదానివి, మొదటి దినమే నోటితోటి ఎందుకనలే?"

లైనింగ్ అన్న మాట మొదటి వారంలోనే తెలుసుకున్నదాన్ని, సోపతి కూడా ఒక లైనింగేనని తెలుసుకోలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. పుస్తకాన్ని మిషను మీంచి తీసుకుని, "నేను గూడ గసొంటిదాన్నే అక్కా" అన్నాను.

"ఎరికే. గందుకే గంత కోపం," అంది ఆవిడ టేపు అందుకుంటూ. "చెయ్యి సాపు, కొలత తీస్త. బక్కగైనవ్."

టీచరక్క కోసం నెలన్నర ఎదురుచూశాం. నా పెన్ను వల్ల ఒక మనిషికి చదువుకోవడమే పోయిందని నాకు అన్నం సహించేది కాదు. ఒక మధ్యాహ్నం ఆమె వచ్చి బల్ల మీద జాకెట్టు గుడ్డ పెట్టింది. ఏం చెప్పి వచ్చావని అడిగితే, "ఇగ నా జాకెట్‌లు నువ్వే కుట్టు అని ఆయనతోటి అన్న. ఆయనే పంపిండు" అంది. తరువాత నా వైపు చూడకుండా, "లైనింగ్ గదే," అని మిషనక్కతో చెప్పింది.

ఆ తరువాత ఎన్ని పుస్తకాలు కొన్నానో, ఎంతమందికి చదవమని చెప్పానో లెక్క లేదు. ఇప్పుడు ఆ మాట నోటితోనే అంటాను, అనాలి కూడా. అనలేని ఇల్లు ఎవరిదైనా ఉంటే మాత్రం అట్ట వేసి ఇస్తాను. ఆ సంకలనం ఇంకా నా దగ్గరే ఉంది. మొదటి పేజీ తెరిస్తే, ఇరవై మూడేళ్ళ పిల్ల ముక్కు ఎర్రగా చేసుకుని నిలబడి కనిపిస్తుంది, జాలీ నవ్వూ కలిసి వస్తాయి. ఆ పిల్ల "ఇది సోపతి కాదు" అని రాసిన చోట, టీచరక్క "కాదు" మీద పెన్సిలుతో సన్నగా గీత గీసి, పైన చిన్నగా "గూడ" అని రాసింది.